కోరంగీ అనే తిట్టు

ఆ మధ్య క్లాసులో ఫాసిజం ప్రస్తావన వచ్చినప్పుడు వొక విద్యార్థి లేచి, "యూదులమీద అంత కక్ష యెందుకండీ మాస్టారూ? మనవాళ్ళకి యెప్పుడూ అలాంటిది జరగలేదు గదా" అన్నాడు. ప్రశ్నలో మొదటి సగం తెలివైనది, రెండో సగం అమాయకమైనది. ఆ అమాయకత్వానికి బాధ్యుడు వాడు కాడు, వాడికి చదువు చెప్పిన మనం. పిఠాపురంలో కూర్చుని ఆ మాట అన్నాడు గనక నాకు మరీ కష్టంగా తోచింది. యిక్కణ్ణుంచి కాకినాడ యిరవై కిలోమీటర్లు లేదు. కాకినాడ దాటి యానాం దారిన పోతే కోరంగి వస్తుంది. ఆ వూరి పేరు రంగూను వీధుల్లో అనేక దశాబ్దాలపాటు వొక తిట్టు. 1930 మే నెలలో ఆ తిట్టు పడ్డవాళ్ళను వీధి వీధికీ వెంటాడి చంపారు. చచ్చినవాళ్ళలో చాలామంది మన తెలుగు జిల్లాల కూలీలు.

కోరంగి గోదావరి సముద్రంలో కలిసేచోట వెలిసిన పాత రేవు. అక్కడ ఓడలు కట్టేవారు, దెబ్బతిన్న ఓడలను బాగుచేసేవారు. 1789లో వొకసారి, 1839లో మరొకసారి ఉప్పెన వచ్చి ఆ వూరిని ముంచింది. మిగిలినదాన్ని గోదావరి ఒండ్రు పూడ్చింది. రేవు పోయింది గాని రేవు పేరు అప్పటికే ఓడలెక్కి తూర్పు తీరాలకు చేరింది. కోరంగి నుంచి వచ్చినవాడు కోరంగీ. ఆ తరువాత వాళ్ళు కాకినాడలో యెక్కినా, విశాఖపట్నంలో యెక్కినా, గంజాం రేవుల్లో యెక్కినా బర్మాలో తెలుగు కూలీ అనేవాడల్లా కోరంగీయే. మలయా వైపు కళింగం పేరుకు యిదే గతి పట్టి 'క్లింగ్' అయింది. బర్మీయులు భారతీయులందరినీ కలిపి అనే మాట వేరే వుంది, 'కలా' అని. కోరంగీ ఆ కలాల్లో అడుగున వున్నవాడు.

మా వూరు నిఘంటువుకు పేరుబడ్డ వూరు. సూర్యరాయాంధ్ర నిఘంటువుకు డబ్బిచ్చి పోషించిన సంస్థానం మాది అని సభల్లో చెప్పుకుంటాం. చెప్పుకోవలసిందే. కాని వొక మాట తన గడ్డమీద వూరిపేరుగా వుండి, సముద్రం దాటగానే తిట్టుగా యెలా మారుతుందో తెలుసుకోవాలంటే నిఘంటువు చాలదు. ఓడ టిక్కెట్లు, కూలిరేట్లు, మేస్త్రీల బాకీపద్దులు చూడాలి.

అయితే ముందు ఆ విద్యార్థి ప్రశ్నలోని మొదటి సగానికి సమాధానం చెప్పాలి. యూదులమీద కక్ష అనగానే మనకు జర్మనీ, జారు రష్యా గుర్తుకొస్తాయి. వలసదేశంలో ఆ కక్ష యెలా వుండేదో చూడటం మనకు యెక్కువ ఉపయోగం, యేమంటే మనం వలసదేశం నుంచి వచ్చినవాళ్ళం. ఫ్రెంచి ఏలుబడిలోని అల్జీరియాను తీసుకుందాం. భూములు కాజేసినవారు యూరపునుంచి వచ్చిన వలసదారులు. 1870లో ఫ్రెంచి ప్రభుత్వం క్రెమ్యూ పేరుతో ప్రసిద్ధమైన వొక డిక్రీ ద్వారా అక్కడి యూదులకు, అంటే దాదాపు 35 వేలమందికి, ఫ్రెంచి పౌరసత్వం యిచ్చింది. ముస్లిములను మాత్రం ప్రజలుగానే వుంచింది గాని పౌరులుగా చెయ్యలేదు. తరతరాలుగా వొకే బజారులో బతికిన యిద్దరి మధ్య వొక్క కాగితంతో గోడ లేచింది. దానివల్ల యూదులను తెల్లవాళ్ళు తమలో కలుపుకున్నారా అంటే అదీ లేదు. 1898లో ఆల్జియర్సులో యూదుల దుకాణాలు దోచినవారు యూరోపియన్ వలసదారులే. యూదద్వేషాన్ని వృత్తిగా పెట్టుకున్న ద్రుమోను పార్లమెంటుకు యెన్నుకున్నదీ వాళ్ళే.

1934 ఆగస్టులో కాన్‌స్టాన్‌టీన్ నగరంలో వొక యూదు సిపాయి మసీదు దగ్గర ముస్లిములను అవమానించాడన్న తగువు మొదలయింది. రెండుమూడు రోజుల్లో 25 మంది యూదులు, ముగ్గురు ముస్లిములు చచ్చారు. సైన్యం వూళ్ళోనే వుంది. వుండి చూసింది. యూదులను తమ యిళ్ళలో దాచి కాపాడిన ముస్లిములూ వున్నారు. 2019లో జాషువా కోల్ అనే చరిత్రకారుడు ఆ హత్యల్లో యెక్కువ భాగం వొక చిన్న ముఠా పని అనీ, ఆ ముఠాకు ఫ్రెంచి సైన్యంలో పనిచేస్తూ ఫ్రెంచి మితవాదులతో సంబంధాలున్న వొక వ్యక్తి నాయకుడనీ వాదించాడు. ఆ వాదాన్ని పూర్తిగా అంగీకరించినా వొక ప్రశ్న మిగులుతుంది. ముఠా నిప్పు పెట్టిందే అనుకుందాం. అంత ఎండు గడ్డి అక్కడ యెవరు పేర్చారు? 1941 జూన్ 1, 2 తేదీల్లో బాగ్దాదులో 180 మంది వరకూ యూదులను చంపినప్పుడు కూడా బ్రిటిషు సేన నగరం వెలుపల విడిది చేసివుంది.

వలససమాజాన్ని మూడంతస్తుల మేడ అనుకుంటే, పై అంతస్తులో వున్నవాడు కింది అంతస్తువాడికి కనబడడు. కనబడేవాడు మధ్య మెట్లమీద నిలబడ్డవాడు: అప్పిచ్చేవాడు, కొట్టు పెట్టినవాడు, కూలిపనికి పోటీ వచ్చినవాడు. 1914లో సయాం రాజు వజీరావుధ్ తన దేశంలోని చైనీయులను 'తూర్పుదేశపు యూదులు' అంటూ వ్యాసం రాశాడు. యూరపు నుంచి అరువు తెచ్చుకున్న ఆ పోలిక యెంత సులువుగా తూర్పున యిమిడిపోయిందో చూడండి.

యిక రంగూను. 1931 జనాభా లెక్కల్లో ఆ నగరంలో 4 లక్షలమంది వుంటే అందులో 2 లక్షల 12 వేలమంది భారతీయులు. బర్మా మొత్తంలో కోటీ 46 లక్షల జనానికి 10 లక్షల 17 వేలమంది. అందులో తెలుగువారు లక్షన్నరకు పైన. అంటే బర్మీయుడు తన రాజధానిలోనే తను తక్కువవాడు. ట్రాము యెక్కినా, ఆసుపత్రికి పోయినా, తపాలాఫీసుకు పోయినా యెదురయ్యేది హిందుస్తానీ. యిది వాడి కోపానికి సమర్థన కాదు గాని, యిది లెక్కలోకి తీసుకోకుండా ఆ కోపాన్ని మూర్ఖత్వం అని కొట్టిపారేసేవాడు చరిత్ర రాయలేడు.

మనవాళ్ళు అక్కడికి యెందుకు పోయారు? ధవళేశ్వరం ఆనకట్ట 1852కు పూర్తయింది, గోదావరి డెల్టా పచ్చబడింది గదా అంటారు. పచ్చబడింది పొలం. ఆ పొలం యెవరిది? కాలవ అందని మెట్ట తాలూకాల్లో, జమీందారీ గ్రామాల్లో, మాలపేటల్లో, వెనకబడిన కులాల వాడల్లో మనిషికి మిగిలింది అప్పు. అక్కడికి మేస్త్రీ వచ్చేవాడు. మేస్త్రీ పరాయివాడు కాదు. మన భాష, మన వూరు, వొకోసారి మన చుట్టరికం. ఓడకూలి వాడు పెట్టుకుంటాడు, యింట్లోవాళ్ళకు కొంత అడ్వాన్సు యిస్తాడు. రంగూనులో దిగిన దగ్గర్నుంచి ఆ బాకీ తీరేదాకా కూలీ వాడి మనిషి. కంపెనీ కూలిడబ్బు మేస్త్రీ చేతికి యిస్తుంది. మేస్త్రీ పైన పెద్దమేస్త్రీ, ఆ పైన కంట్రాక్టరు. ప్రతి చేతికీ కొంత అంటుకుని చివరికి మిగిలింది మోసినవాడికి. కాకినాడలో స్టీమరు వొడ్డుకు రాదు. దూరాన సముద్రంలో లంగరు వేస్తే పడవల్లో తీసుకుపోయి యెక్కించేవారు. డెక్కుమీద మూటలతోపాటు మనుషులు. 1927 వొక్క సంవత్సరంలోనే 4 లక్షలకు పైగా భారతీయులు బర్మాలో దిగారు. దాదాపు అంతమందీ తిరిగి వస్తూనే వుండేవారు. ఆడవాళ్ళు బహు తక్కువ. వొక గదిలో పడుకోవలసినవాళ్ళ కన్న యెన్నోరెట్లమంది పడుకునే బసలు. రేవులో మూటలు మోసినవారు, బియ్యపు మిల్లుల్లో పనిచేసినవారు, రిక్షాలు లాగినవారు, పాకీపని చేసినవారు వాళ్ళే. యిరావతి డెల్టాలో పండిన బియ్యం మన కళాసీల వీపులమీదుగా ఓడల్లోకి పోయేది. ఆ బియ్యమే మద్రాసు రాష్ట్రంలో దిగి ధర పడగొడుతున్నదని 1930 తరువాత మన రైతులు గగ్గోలు పెట్టారు. వొక డెల్టా నుంచి తరిమిన బీదరికం యింకొక డెల్టాకు పోయి, అక్కణ్ణుంచి బియ్యం రూపంలో తిరిగొచ్చింది.

1930 మే 5. ఆ తెల్లవారుజాముకు ముందే గాంధీని అరెస్టు చేశారు. ఆ రోజే పెగూలో భూకంపం వచ్చి పట్టణం నేలమట్టమయింది, రంగూనులోనూ యిళ్ళు కూలాయి. ఆ నెల మొదటి వారాల్లో రంగూను రేవులోని తెలుగు కూలీలు కూలి పెంచాలని సమ్మెకట్టారు. ఓడలు సరుకుతో నిలిచిపోయాయి. స్టీవెడోర్ కంపెనీలు అప్పటిదాకా రేవుపనికి పనికిరారన్న బర్మీయులను పిలిచి పనిలో పెట్టాయి. కరువూ, భూమి చేజారటమూ వెనకనుంచి తోస్తే నగరానికి వచ్చిన పల్లెటూరివాళ్ళు. భార్యాపిల్లలతో వచ్చినవాళ్ళకు ఆ కూలి పెద్ద ఆశ. యింతలో కంపెనీలు మనవాళ్ళతో రాజీపడి కొంత కూలి పెంచాయి. మే 26 ఉదయం బర్మీయులు రోజూలాగే రేవుకు వచ్చారు. యిక మీరు అక్కర్లేదన్నారు. పక్కన, గెలిచి తిరిగొచ్చిన కోరంగీలు నిలబడివున్నారు. వాళ్ళు నవ్వారనీ, యెగతాళి చేశారనీ ఆనాటి కథనాలు చెబుతున్నాయి.

ఆ నవ్వు దగ్గర నేను చాలాసేపు ఆగిపోయాను. సమ్మె గెలిచిన కూలీ నవ్వటం న్యాయమే. సమ్మెభంజకుణ్ణి చూసి నవ్వటం అన్ని దేశాల కార్మికోద్యమాల్లోనూ వున్నదే. కాని ఆ సమ్మెభంజకుడికి అది సొంత దేశం, పొద్దున్నే అన్నం తినకుండా వచ్చినవాడు. యిద్దరినీ కలిపి నిలబెట్టగలిగిన సంఘం ఆ రేవులో అప్పటికి లేదు. వుంటే ఆ నవ్వు కంపెనీవైపు తిరిగేది.

గంటల్లో అది రేవు దాటి నగరమంతా పాకింది. కత్తులు, యినపకడ్డీలు, గెడలు. రిక్షా లాగేవాణ్ణి రిక్షా దగ్గరే నరికారు. కూలీలు బసల్లో తలుపులు బిడాయించుకుని కూర్చున్నారు. ఆ తలుపులు పగలగొట్టారు. యెవడు సమ్మెలో వున్నాడు, యెవడు లేడు అని యెవరూ అడగలేదు. వేలాదిమందిని పాత పిచ్చాసుపత్రి ఆవరణలోకి చేర్చి కాపలా పెట్టారు. మారిస్ కాలిస్ అప్పుడు రంగూను జిల్లా మేజిస్ట్రేటు. తరువాత 1938లో ప్రచురించిన జ్ఞాపకాల పుస్తకంలో ఆ రోజులను వర్ణించాడు. అధికార లెక్కల ప్రకారం చచ్చినవారు 120 మంది, గాయపడ్డవారు 900 మంది. అనధికార అంచనాలు చావులను దానికి రెండింతలు మూడింతలు చెబుతాయి. బసల్లో వున్న మనుషుల పేర్లు మేస్త్రీ పద్దులో తప్ప యెక్కడా లేనప్పుడు శవాల లెక్క మాత్రం యెలా తేలుతుంది? బతికినవాళ్ళలో అనేకులు దొరికిన స్టీమరెక్కి కాకినాడకూ, విశాఖపట్నానికీ దారిపట్టారు. వాళ్ళు లేక రంగూనులో పాకీదొడ్లు నిండిపోయాయి, రేవు నిలిచిపోయింది. కోరంగీ లేకపోతే నగరం నడవదన్న సంగతి నగరానికి అప్పుడు తెలిసింది.

యిక్కడ మన పాఠకులు సాధారణంగా వొక సమాధానం దగ్గర తృప్తిపడతారు: 'విభజించి పాలించు' అనే సామ్రాజ్యవాద కుట్ర. నాకు ఆ సమాధానం తప్పుగా కాదు, మరీ సుఖంగా తోస్తుంది. తెల్ల కంపెనీ యిద్దరు ఆకలిగొన్నవాళ్ళను వొకే మూటమీదికి వదిలిందన్నది నిజం. ఆ మూడురోజుల్లో దెబ్బతిన్న స్టీవెడోర్ కంపెనీ లేదన్నదీ నిజం. కాని కడ్డీ పట్టుకున్న చెయ్యి కంపెనీది కాదు.

అబ్రాం లియోన్ అనే యువ విప్లవకారుడు జర్మను ఆక్రమణలో వున్న బెల్జియంలో రహస్యంగా యూదుల సమస్యమీద వొక పుస్తకం రాశాడు. 1944లో ఆష్‌విట్జ్‌లో చనిపోయాడు, అప్పటికి 26 యేళ్ళు. యూదులు చరిత్రలో వొక ఆర్థికవృత్తిని మోస్తూ వచ్చిన 'ప్రజా-వర్గం' అనీ, ఆ వృత్తి అవసరం తీరిపోయినప్పుడల్లా వాళ్ళమీద దెబ్బ పడిందనీ అతని సిద్ధాంతం. బర్మాకు దీన్ని అన్వయిస్తే చెట్టియార్లు చక్కగా సరిపోతారు. తమిళదేశపు వడ్డీవ్యాపారులు, దిగువ బర్మాలోని 13 ప్రధాన వరి జిల్లాల్లో 1930లో సాగుభూమిలో నూటికి 6 వంతులు వాళ్ళ చేతిలో వుండేది. ధాన్యం ధర కుప్పకూలి తాకట్లన్నీ జప్తు కాగా 1938 నాటికి నూటికి 25 వంతులయింది. బర్మా రైతు కోపానికి యింతకన్న కారణం అక్కర్లేదు. కాని 1930 మేలో రంగూను రోడ్డుమీద చచ్చింది చెట్టియారు కాదు. అప్పులిచ్చినవాడు కాదు, తనే అప్పులో పుట్టి అప్పులో ఓడెక్కినవాడు. లియోన్ సిద్ధాంతం యిక్కడ ఆగిపోతుంది. యజమానిని కొట్టటానికి చెయ్యి అందనప్పుడు, వడ్డీవ్యాపారిని కొట్టటానికి వాడి గడియ బలంగా వున్నప్పుడు, వాళ్ళ రంగూ భాషా వున్న కూలీ వీధిలో దొరుకుతాడు. వాడికి గడియ లేదు.

వామపక్షంవాళ్ళం మనం మింగటానికి యింకా కష్టమైన సంగతి వొకటుంది. దో బమా అసియయోన్ ('మన బర్మా' సంఘం) పుట్టింది యీ మే నెలాఖరులోనే, యీ అల్లర్ల వేడిలోనే. తెల్లవాళ్ళను 'దొర' అనే అర్థంలో పిలవవలసిన 'తఖిన్' అన్న మాటను తమ పేర్లముందు పెట్టుకుని మేమే దొరలం అన్న యువకులు వాళ్ళు. ఆంగ్ సాన్ ఆ సంఘంలోంచి వచ్చాడు. బర్మా కమ్యూనిస్టులూ ఆ సంఘంలోంచే వచ్చారు. అంటే ఆ దేశపు సామ్రాజ్యవాద వ్యతిరేకోద్యమంలో అత్యంత ధీరమైన పాయకు మొదటి తడి మన కూలీల నెత్తురు. దీన్ని కప్పిపుచ్చితే ఆ ఉద్యమానికి మేలు చేసినట్టు కాదు. తఖిన్లు అక్కడే ఆగిపోలేదన్నది కూడా చెప్పాలి. 1939 ఆగస్టు 15న కమ్యూనిస్టు పార్టీని స్థాపించిన కొద్దిమందిలో ఆంగ్ సాన్‌తోపాటు హరినారాయణ ఘోషాల్ అనే బెంగాలీ కూర్చున్నాడు. కార్మికసంఘాల్లో పనిచేసి తఖిన్ బా తిన్ అనే బర్మా పేరు పెట్టుకున్నాడు. 1967లో పెగూ కొండల్లో అతన్ని అతని పార్టీయే చంపింది.

1931 జనవరిలో రంగూనులో చైనీయులమీద పడ్డారు. 1938 జూలైలో వొక ముస్లిము రాసిన పాతపుస్తకాన్ని సాకుచేసుకుని భారతీయ ముస్లిములమీద పడ్డారు. రెండువందలమందికి పైగా చచ్చారు. యీ రెంటినీ గురించి యిక్కడ విస్తరించను. 1941 డిసెంబరు 23న రంగూనుమీద జపాను బాంబులు పడ్డాక నాలుగు లక్షలకు పైగా భారతీయులు నడిచి బయలుదేరారు. దారిలో చచ్చినవారు పదివేలనుంచి యాభైవేలదాకా అంటారు. ఆ పారిపోయే దార్లలో సైతం తెల్లవాళ్ళకొకటి, నల్లవాళ్ళకొకటి. 1962లో నె విన్ సైనికప్రభుత్వం వచ్చి, 1964లో వర్తకాన్ని జాతీయం చేసినప్పుడు దానికి పెట్టుకున్న పేరు 'సోషలిజానికి బర్మా మార్గం'. మూడు లక్షలమంది ఆ మార్గంలో దేశం వదిలారు. విశాఖపట్నంలో బర్మాక్యాంపు అన్న పేట అలా వెలిసింది. 'కలా' అన్న మాట మాత్రం వదలలేదు. 2017లో ఏడు లక్షలమంది రోహింగ్యాలను బంగ్లాదేశానికి తరిమినప్పుడు వాళ్ళను పిలిచింది ఆ మాటతోనే.

యిది బర్మా స్వభావం అనుకుంటే పొరపాటు. 1949 జనవరిలో డర్బన్‌లో వొక భారతీయ వర్తకుడు వొక ఆఫ్రికన్ కుర్రవాణ్ణి కొట్టాడన్న తగువు మూడురోజుల హత్యాకాండ అయింది. 142 మంది చచ్చారు. వారిలో 50 మంది భారతీయులు, 87 మంది ఆఫ్రికన్లు. ఆఫ్రికన్లలో చాలామంది పోలీసు, సైనికుల కాల్పుల్లో పోయినవారు. ఆ భారతీయులలో 1860 మొదలు చెరకుతోటలకు పోయిన కూలీల సంతానం వుంది, అందులో తెలుగువారు కొద్దిమంది కారు. తెల్లవాళ్ళు కొందరు పక్కన నిలబడి ఉత్సాహపరిచారు. అక్కడ జరిగిన వొక్క మంచి యేమంటే, రెండు కాంగ్రెసుల నాయకులూ తరువాతి నెలలోనే కలిసి కూర్చున్నారు. రంగూనుకు ఆ అదృష్టం పట్టలేదు.

మన సాహిత్యంలో రంగూను వుందా? 'రంగూన్ రౌడీ' అనే నాటకం కోస్తా పట్టణాల్లో యెంతోకాలం ఆడింది. రంగూను అనగానే మన ప్రేక్షకుడి తలలో మెదిలేది ఆ పేరు: డబ్బు, జల్సా, రౌడీ. రేవులో మూట మోసినవాడికి మన రంగస్థలం మీద అంత చోటు దొరకలేదు. మా పిఠాపురం సాహిత్యచరిత్ర చెప్పేవారు రాజావారినీ, వారి ఆస్థానకవులనూ, నిఘంటువునూ చెబుతారు. పక్కనున్న రేవునుంచి పడవెక్కినవాళ్ళు ఆ చరిత్రలోకి రారు. నేనూ యిన్నాళ్ళూ చెప్పలేదు.

ప్రశ్న అడిగిన విద్యార్థికి మర్నాడు బోర్డుమీద 'కోరంగి' అని రాసి, యీ పేరు వింటే యేం గుర్తొస్తుంది అని అడిగాను. మడ అడవులు, బోటు షికారు అన్నారు చాలామంది. రంగూను సంగతి చెప్పాను. క్లాసు అయ్యాక వెనకబెంచీ కుర్రవాడు వొకడు వరండాలోకి వచ్చాడు. సంక్రాంతికి వాళ్ళింట్లో పెద్దలకు బట్టలు పెట్టుకునేటప్పుడు వొక పంచె 'రంగూను తాత'కని వేరే పెడతారట. ఆయన యెవరికి యేమవుతాడో, యెప్పుడు పోయాడో యింట్లో యెవరికీ తెలియదట. "1930లో పోయుంటాడాండీ?" అని అడిగాడు.